వంద సొరుగుల వైద్యం

కొట్లోకి అడుగు పెట్టగానే ముందు ముక్కుకి తెలుస్తుంది. ఎండిన ఆకుల వాసన, మట్టి వాసన, దాల్చినచెక్క ఘాటు, ఎక్కడో అతిమధురం తీపి... అన్నీ కలగలిసిపోయి ఉంటాయి. బీజింగ్‌లో అయినా, హాంకాంగ్‌లో అయినా పాతకాలపు చైనా మందుల కొట్టు ఇలాగే ఉంటుంది. బల్ల వెనక గోడంతా చిన్నచిన్న చెక్క సొరుగులే. దాన్ని వాళ్లు 'వందమంది పిల్లల బీరువా' అని ముద్దుగా పిలుచుకుంటారు. వైద్యుడు రాసిన చీటీ ఇస్తే కొట్టువాడు ఒక్కో సొరుగూ లాగుతాడు. వేరు ముక్కలూ, బెరడు పేళ్లూ, ఎండు పూలూ చేతి త్రాసులో తూచి, కాగితం మీద కుప్ప పోసి పొట్లం కడతాడు. ఇంటికెళ్లి దాన్ని మట్టిపాత్రలో వేసి, నీళ్లు పోసి, సన్నటి సెగ మీద మరిగించాలి. దిగేది నల్లటి కషాయం. చేదు. గుటుక్కున మింగెయ్యాలి.

శొంఠి, పిప్పళ్లు, మిరియాల కషాయం తాగి పెరిగిన తెలుగువాళ్లకి ఇదేమంత వింత కాదు. ఆ సొరుగులు లాగి చూస్తే మన పోపులపెట్టె చుట్టాలే సగం కనిపిస్తాయి. అల్లం ఉంటుంది. దాల్చిని ఉంటుంది. పసుపు ఉంటుంది. అతిమధురమైతే చాలా మందుల్లో ఉంటుంది. భోగినాడు పిల్లల తల మీద పోసే రేగుపండుకి పెద్దన్నలాంటి ఎర్రటి చైనా రేగు కూడా అక్కడ మందే!

వేడి అక్కడా వేడే!

'మామిడిపండు వేడి చేస్తుంది, మజ్జిగ చలవ' అని మన ఇళ్లలో అంటుంటారు కదా. చైనా మూలికా వైద్యానికి పునాది సరిగ్గా అలాంటి మాటే. ప్రతి మందుకీ ఒక స్వభావం ఉంటుంది. చల్లనిది, చలవది, వెచ్చనిది, వేడిది... ఇలా నాలుగు. వాటికి తోడు ఐదు రుచులు. పులుపు, చేదు, తీపి, కారం, ఉప్పు. మన ఉగాది పచ్చడిలో ఆరుంటే వాళ్ల దగ్గర ఐదే ఎందుకంటే, వగరుని పులుపు కిందే జమకట్టేశారు. కారం చెమట పట్టిస్తుంది, తీపి బలం ఇస్తుంది, చేదు వేడిని దించుతుంది... ఇలా రుచిని బట్టే మందు పని చెప్పే పద్ధతి వాళ్లది.

మనిషి ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి తిరుగుతుంటుందనీ, యిన్, యాంగ్ అనే రెండు గుణాలు తూకంలో ఉంటే ఆరోగ్యమనీ, ఆ తూకం తప్పితే జబ్బనీ వాళ్ల సిద్ధాంతం. మన వాత, పిత్త, కఫాల్లాగే ఇదీ ప్రయోగశాలలో కొలిచి చూపించగల సంగతి కాదు. శరీరాన్ని అర్థం చేసుకోవడానికి పాతవాళ్లు వేసుకున్న పటం అది.

వైద్యుడు రోగిని నాలుగు రకాలుగా పరీక్షిస్తాడు. చూస్తాడు, వింటాడు, అడుగుతాడు, ముట్టుకుంటాడు. నాలుక రంగూ, దాని మీద పాచీ చూస్తాడు. గొంతూ దగ్గూ వింటాడు, వాసన కూడా పసిగడతాడు. నిద్ర, ఆకలి, చెమట గురించి అడుగుతాడు. చివరికి రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి నాడి చూస్తాడు. అందుకే ఒకే జలుబుకి ఇద్దరికి రెండు రకాల మందులు రావచ్చు. చలితో వణికేవాడికి వేడిచేసే మూలికలిస్తే, గొంతు మండిపోతున్నవాడికి చలవచేసేవి ఇస్తారు.

రాజు, మంత్రి, సహాయకుడు, దూత

ఒక్క ఆకు, ఒక్క జబ్బు అన్న లెక్క అక్కడ అరుదు. నాలుగైదు నుంచి పదిహేను దాకా మూలికలు కలిస్తేనే ఒక మందు. ఆ కలిపే పద్ధతి రాజ్యపాలనలా ఉంటుంది. అసలు జబ్బు మీదకి వెళ్లేది రాజు. తోడుగా ఉండేది మంత్రి. దుడుకుని తగ్గించేది సహాయకుడు. అందర్నీ కలిపి నడిపించేది దూత.

పద్దెనిమిది వందల ఏళ్ల నాటి ఒక మందు ఉంది. పేరు గ్వీజీ టాంగ్, అంటే దాల్చిని రెమ్మల కషాయం. చలి తగిలి, ఒళ్లు నొప్పులతో సన్నగా చెమట పడుతూ జ్వరం వచ్చినప్పుడు ఇస్తారు. దాల్చిని రెమ్మ రాజు. పియోనీ అనే పూలమొక్క వేరు మంత్రి. అల్లం, రేగుపండ్లు సహాయకులు. అతిమధురం దూత. అంతే, ఐదు సరుకులు! మందు తాగాక ఏం చెయ్యాలో కూడా రాసిపెట్టారు. వేడివేడి పల్చటి జావ తాగాలి. దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమట పట్టాలి గానీ ధారలు కట్టకూడదు. చల్లటివీ, పచ్చివీ, మాంసమూ, మద్యమూ ముట్టకూడదు. మన నాయనమ్మలు చెప్పే పథ్యానికీ దీనికీ తేడా వెతకడం కష్టం.

ఈ మందు రాసిన జాంగ్ జోంగ్‌జింగ్ పుస్తకం వెనక పెద్ద దుఃఖం ఉంది. ఆయనది రెండొందల మందికి పైగా ఉన్న వంశం. పదేళ్లు తిరక్కుండా మూడింట రెండొంతుల మంది పోయారు. వాళ్లలో పదికి ఏడుగురు జ్వరాలతోనే. ఈ లెక్కంతా ఆ పుస్తకం ముందుమాటలోనే ఉంది. అయినవాళ్లను ఆపలేకపోయిన మనిషి, పక్కవాళ్లనైనా ఆపడానికి రాసిన పుస్తకం అది.

ముందు తిని చూసినవాడు

చైనావాళ్ల కథల్లో మందుల విద్యకి మూలపురుషుడు షెన్‌నొంగ్. వ్యవసాయం నేర్పిన దేవుడూ ఆయనే. ఏ ఆకు మందో, ఏ ఆకు విషమో తెలుసుకోవడానికి అన్నీ తానే నమిలి చూశాడట. ఒక్కరోజే డెబ్భైసార్లు విషం ఎక్కిందట! చివరికి ఒక విషపు మొక్క తినే పోయాడని కూడా చెబుతారు. ఇది పురాణమే. కానీ ఈ కథలో ఒక ధర్మం ఉంది. ఊరికి పెట్టేముందు తాను తిని చూడాలి అన్నది.

ఆయన పేరు మీదే సుమారు రెండువేల ఏళ్ల కిందట తొలి మూలికల గ్రంథం తయారైంది. అందులో 365 మందులు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. వాటిని మూడు తరగతులుగా విడగొట్టారు. రోజూ తిన్నా హాని చెయ్యనివి పై తరగతి. జాగ్రత్తగా వాడాల్సినవి నడిమి తరగతి. విషం ఉన్నవి, జబ్బు తగ్గగానే ఆపెయ్యాల్సినవి కింది తరగతి. అంటే 'మూలిక కదా, ఏం కాదులే' అన్న మాట ఆ పాతకాలంవాళ్లు అనలేదన్నమాట! వసనాభి జాతి దుంపని ఉప్పునీళ్లలో నానబెట్టి, గంటల తరబడి ఉడికిస్తే తప్ప ముట్టుకోకూడదని వాళ్లకి తెలుసు.

తర్వాత పదహారో శతాబ్దంలో వచ్చాడు లీ షిజెన్. వైద్యుల ఇంట్లో పుట్టాడు. తండ్రి కొడుకుని సర్కారు ఉద్యోగిని చెయ్యాలనుకున్నాడు. ఆ పరీక్ష మూడుసార్లు తప్పాడు. చివరికి ఇంటి విద్యకే వచ్చాడు. పాత గ్రంథాలు తిరగేస్తే అన్నీ గందరగోళంగా కనిపించాయి. ఒకే మొక్కకి రెండు పేర్లు, రెండు మొక్కలకి ఒకే పేరు. సరిచెయ్యడానికి కూర్చుంటే 27 ఏళ్లు పట్టింది. జాలర్లనీ, వేటగాళ్లనీ, రైతులనీ అడిగాడు. అలుగు చీమల్ని తింటుందని పాత పుస్తకంలో ఉంటే, అది నిజమో కాదో చూద్దామని దాని పొట్ట కోసి చూశాడు. శేరు చీమలు కనిపించాయని రాశాడు! పాదరసం తాగితే చావు రాదన్న యోగుల మాటని గట్టిగా ఖండించాడు. 1578లో పూర్తయిన ఆ 'బెన్‌త్సావ్ గాంగ్‌ము'లో 1,892 మందులు, 11 వేలకు పైగా యోగాలు ఉన్నాయి. అచ్చయి బయటికొచ్చింది 1596లో. అప్పటికి లీ షిజెన్ పోయి మూడేళ్లు. 2011లో యునెస్కో దాన్ని ప్రపంచ జ్ఞాపకాల పట్టీలో చేర్చింది.

తండ్రిని పోగొట్టుకున్న కొడుకు

ఇంత ఘనమైన వైద్యం మీద చైనావాళ్లందరికీ గురి ఉందనుకుంటే పొరపాటు. ఆధునిక చైనా సాహిత్యానికి ఆద్యుడనదగ్గ లూ షున్‌కి ఈ వైద్యమంటే ఒళ్లుమంట. కారణం సొంత ఇల్లే. తండ్రికి జబ్బు చేసింది. పిల్లవాడు రోజూ రెండు కొట్లకి తిరిగాడు. ముందు తాకట్టు కొట్టు. దాని బల్ల తనకంటే రెండింతల ఎత్తు. అక్కడ నగో బట్టో పెట్టి డబ్బు తీసుకుని మందుల కొట్టుకి పరుగు. దాని బల్ల సరిగ్గా తన ఎత్తే. అలా నాలుగేళ్లు తిరిగానని పెద్దయ్యాక రాసుకున్నాడు.

పేరున్న వైద్యుడు రాసే సరుకులు మామూలువి కావు. మంచు తిన్న చెరకు కావాలన్నాడు. ఒకే బొరియలో మొదట్నుంచీ కాపురమున్న కీచురాళ్ల జంట కావాలన్నాడు. ఒళ్లు నీరుపట్టి డోలులా ఉబ్బింది కాబట్టి, పాతడోలు చర్మంతో చేసిన మాత్ర మింగితే ఉబ్బు తీస్తుందన్నాడు. ఇల్లు గుల్లైంది. 1896లో తండ్రి పోయాడు. ఆ కొడుకు 1904లో జపాన్‌లోని సెందాయ్‌కి పాశ్చాత్య వైద్యం చదవడానికి వెళ్లాడు. తండ్రిలా మోసపోయిన రోగుల్ని బాగుచెయ్యాలన్నది కోరిక. మధ్యలో చదువు మాని రచయిత అయ్యాడు గానీ, పాత వైద్యం మీద కోపం మాత్రం పోలేదు.

1929లో అప్పటి ప్రభుత్వం ఈ వైద్యాన్ని మెల్లగా మూయించాలని చూసింది. వైద్యులూ, మందుల వ్యాపారులూ షాంఘైలో చేరి గొడవచేస్తే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత కమ్యూనిస్టుల పాలనలో కథ తిరగబడింది. కోట్లమంది పల్లెజనానికి డాక్టర్లు చాలని దేశంలో ఉన్న వైద్యాన్నే పట్టుకున్నారు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూల్లో కళాశాలలు పెట్టారు. ఇప్పుడు అక్కడ ఎక్స్‌రే గదీ, కషాయం గదీ ఒకే ఆస్పత్రిలో కనిపిస్తాయి.

మరిగించకూడని ఆకు

లూ షున్ కోపానికీ, పాత పుస్తకాల గొప్పకీ మధ్య దారి ఒకామె చూపించింది. ఆమె టు యూయూ.

1967 మే 23న చైనా సైన్యం రహస్యంగా ఒక పథకం మొదలుపెట్టింది. తేదీని బట్టే దానికి 523 అని పేరు. వియత్నాం అడవుల్లో సైనికుల్ని మలేరియా తినేస్తోంది. పాత మందు క్లోరోక్విన్ పనిచెయ్యడం మానేసింది. కొత్త మందు కావాలి. 1969లో ఆ బాధ్యత బీజింగ్‌లో పనిచేస్తున్న 38 ఏళ్ల టు యూయూకి అప్పగించారు. భర్త ప్రభుత్వ ఆజ్ఞ మీద పల్లెలో ఉన్నాడు. పెద్దపాపని శిశుసంరక్షణ బడిలో దింపింది. చంటిదాన్ని అమ్మమ్మగారింట్లో వదిలింది. తిరిగొచ్చాక కన్నబిడ్డ తనని గుర్తుపట్టలేదని ఆమే చెప్పుకుంది.

ఆమె బృందం రెండువేల పాత యోగాలు పోగేసింది. సుమారు రెండొందల మూలికల నుంచి 380 సారాలు తీసి ఎలుకల మీద చూసింది. చింగ్‌హావ్ అనే ఆకు ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే పనిచెయ్యలేదు. మన వినాయకచవితి పత్రిలో ఉండే మాచిపత్రికి దగ్గరి చుట్టం అది. ఎందుకు పనిచెయ్యట్లేదు? మళ్లీ పాత పుస్తకాల్లోకి వెళ్లింది. నాలుగో శతాబ్దపు గె హోంగ్ అనే వైద్యుడు రాసిన చిన్న వాక్యం కళ్లబడింది. గుప్పెడు ఆకుని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. మరిగించమనలేదు! అన్ని మందులూ కాచే దేశంలో ఈ ఒక్కదాన్నీ ఎందుకు కాచలేదు? వేడికి మందు గుణం చచ్చిపోతోందేమో! తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిముల్ని నూటికి నూరుపాళ్లూ తుడిచేసింది.

అయితే మనుషులకి ఇవ్వడమెలా? హాని చేస్తే? 1972లో టు యూయూ, మరో ఇద్దరు సహచరులు ఆస్పత్రిలో చేరి ఆ సారాన్ని ముందు తామే తాగారు. షెన్‌నొంగ్ కథ అప్పుడు నిజమైంది. ఏమీ కాలేదు. తర్వాతే హైనాన్ దీవిలో 21 మంది రోగులకి ఇచ్చారు. జ్వరాలు దిగాయి. ఆ ఏడాదే అసలు పదార్థాన్ని విడదీశారు. అదే ఆర్టెమిసినిన్. 2015లో, 84 ఏళ్ల వయసులో, ఆమెకి నోబెల్ వచ్చింది. డాక్టరేట్ లేదు, విదేశీ చదువు లేదు.

మలేరియా క్రిమి దోమలో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో. ఆ క్రిమిని చంపే ఆకు దొరికింది చైనా పాతపుస్తకంలో. ఇవాళ పాడేరు మన్యంలో ప్రమాదకరమైన ఫాల్సిపారం జ్వరం వచ్చినవాళ్లకి ఇచ్చే మాత్రలో ఆర్టెమిసినిన్ సంతతి మందే ఉంటుంది.

ఒకే పేరు, రెండు వేర్లు

కథ ఇక్కడితో ఆగితే హాయిగా ఉండేది. కానీ బ్రస్సెల్స్ కథ కూడా చెప్పుకోవాలి.

1990-92 మధ్య అక్కడి ఒక వైద్యశాల లావు తగ్గడానికి ఇచ్చే మందులో చైనా మూలికలు కలిపింది. అందులో ఒకటి ఫాంగ్‌జీ. చైనాలో ఆ పేరు పెట్టుకున్న వేర్లు ఒకటికి మించి ఉన్నాయి. హాన్ ఫాంగ్‌జీ వేరు, గ్వాంగ్ ఫాంగ్‌జీ వేరు. ఒకదానికి బదులు ఇంకొకటి వచ్చింది. రెండోదానిలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. సన్నబడదామని వెళ్లిన ఆడవాళ్లలో వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి. చాలామందికి డయాలిసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు. కొన్నేళ్ల తర్వాత అలా పాడైన కిడ్నీలను తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే, 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించింది. చైనా ప్రభుత్వం 2003, 2004లో ఈ ఆమ్లం ఉన్న కొన్ని మూలికల్ని నిషేధించింది.

ఇన్ని వందల ఏళ్లు వాడిన వైద్యులకి ఈ సంగతి తెలియలేదా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. వసనాభి తింటే గంటల్లో మనిషి పడిపోతాడు. కాబట్టి అది విషమని ఊరంతా నేర్చుకుంటుంది, విరుగుడు పద్ధతి కనిపెడుతుంది. అరిస్టొలోకిక్ ఆమ్లం అలా కాదు. ఇవాళ తింటే ఏళ్ల తర్వాత దెబ్బకొడుతుంది. అప్పటికి ఎప్పుడో తాగిన కషాయాన్ని ఎవరు అనుమానిస్తారు? వేల ఏళ్ల అనుభవం వెంటనే చంపే విషాన్ని పట్టుకోగలదు గానీ, మెల్లగా చంపేదాన్ని పట్టుకోలేదు. దానికి లెక్కలు రాసుకునే చదువు కావాలి.

ఈ మొక్కల కుటుంబం మనకి కొత్తదేం కాదు. పాముకాటుకి విరుగుడంటూ పల్లెల్లో వాడే ఈశ్వరి వేరు ఆ జాతిదే. గాడిదగడపాకు కూడా.

జంతువుల సంగతి మరో చేదు. ఖడ్గమృగం కొమ్ము, పులి ఎముకల వ్యాపారాన్ని చైనా 1993లో నిషేధించింది. లీ షిజెన్ పొట్ట కోసి చూసిన అలుగు, పొలుసుల కోసం చంపీ చంపీ అంతరించే దశకి వచ్చాక, 2020లో అధికారిక మందుల పట్టీ నుంచి దాని పేరు తీసేశారు.

రుచి చూసేదెవరు?

ఒక్క మాటలో చైనా వైద్యం మంచిదా కాదా అని తేల్చమంటే కుదరదు. అందులో ఆర్టెమిసినిన్ ఉంది, డోలు చర్మపు మాత్రా ఉంది. ఉబ్బసానికి వేల ఏళ్లుగా వాడిన మహువాంగ్ మొక్కలోంచే జపాన్ శాస్త్రవేత్త నగాయి 1885లో ఎఫెడ్రిన్ తీశాడు. ఆపరేషన్ గదిలో పడిపోయిన బీపీని లేపడానికి దాన్ని ఇప్పటికీ వాడతారు. అదే మొక్కని లావు తగ్గే బిళ్లల్లో కలిపి అమ్మితే ప్రాణాలు పోయాయి, అమెరికా 2004లో వాటిని నిషేధించింది. మొక్క అదే. కొలతా, పరీక్షా, ఇచ్చే చెయ్యీ మారాయి.

చైనావైనా మనవైనా, మూలికల దగ్గర పాటించాల్సిన నాలుగు జాగ్రత్తలున్నాయి. పొట్లంలో ఏమేం ఉన్నాయో పేర్లు రాసివ్వమని అడగాలి. చెప్పనివాళ్ల మందు మింగకూడదు. అతిమధురం లాంటి మామూలు సరుకు కూడా ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో తింటే బీపీ పెంచుతుంది. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు కషాయం మొదలుపెట్టే ముందే తమ డాక్టరుకి చెప్పాలి. జ్వరానికి ఆకు రసం తాగి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. టు యూయూ కనిపెట్టింది కూడా ఆకు రసం కాదు, ఆకులోని మందు.

షెన్‌నొంగ్ ముందు తాను తిన్నాడు. టు యూయూ ముందు తాను తాగింది. బ్రస్సెల్స్‌లో మాత్రం ఎవరూ ముందు రుచి చూడలేదు. నమ్మి వచ్చిన ఆడవాళ్లే చూశారు. 'ప్రకృతిసిద్ధం, ఏ హానీ ఉండదు' అని రాసున్న డబ్బా ఎవరైనా చేతిలో పెట్టినప్పుడు అడగాల్సింది ఒక్కటే. దీన్ని మా కంటే ముందు ఎవరు తిని చూశారు, ఆ తర్వాత పదేళ్లకి వాళ్లెలా ఉన్నారు?